నలభై చదరపు కిలోమీటర్ల ఇల్లు

ఆ నగరం పేరు చెప్పకపోవడమే మంచిది. చెబితే అక్కడ అద్దెలు ఇంకాస్త పెరుగుతాయి, ఆ పాపం ఈ కథకు చుట్టుకుంటుంది. మెట్రో రైలుంది, గాజు మేడలున్నాయి, ఆ మేడల్లో ఉద్యోగాలున్నాయి, ఉద్యోగాలు చేయడానికి కుర్రకారూ ఉన్నారు. సాయంత్రం పోయి తల వాల్చడానికి వాళ్ళకు ఇళ్ళే లేవు. లేకేం, ఉన్నాయి. ఆకాశాన్నంటే ఇళ్ళు వీధికి పది ఉన్నాయి. వాటి అద్దెలు కూడా అక్కడే ఉన్నాయి గనక సగానికి సగం ఇళ్ళలో దీపం పెట్టే దిక్కు లేదు.

హిమబిందు పనిచేసేది నగర నివాస సమన్వయ మండలిలో. ఊళ్ళో ఎవరికి ఇల్లు లేకపోయినా కనిపెట్టి చూడవలసిన ఆఫీసు అది. అందులో ఆమె సహాయ ప్రణాళికాధికారి. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, ఆమెకే ఇల్లు లేదు. ఆమె మొగుడు సింహాద్రి మోటారు పంపుల కంపెనీలో డిజైన్ ఇంజనీరు. ఇద్దరికీ జీతాలు వస్తాయి. ఆ రెండు జీతాలూ కలిపి పట్టుకుపోయి అడిగినా ఇద్దరు పట్టే ఇల్లు దొరకలేదు. "ఫ్యామిలీకి మాత్రమే" అన్న ఇంటివాళ్ళ దగ్గరికి దర్జాగా ఫ్యామిలీ లాగే వెళ్ళేవారు. అద్దె వినగానే మళ్ళీ బ్యాచిలర్లయి తిరిగొచ్చేవారు.

అందుకని పెళ్ళయిన దగ్గర్నించీ హిమబిందు బోయగుట్టలో లేడీస్ హాస్టల్లో, నలుగురున్న గదిలో కిటికీ పక్క మంచం మీద. సింహాద్రి ఊరికి ఆ చివర, ఆరుగురున్న గదిలో. కాపురమంతా తారామండల్ మెట్రో స్టేషన్లో రెండో ప్లాట్‌ఫారం మీద, మూడో బెంచీ దగ్గర జరిగేది. అదీ కావలసినంతసేపు కాదు. టిక్కెట్టు కొన్నవాడు స్టేషన్లో ఎంతసేపు ఉండొచ్చో మెట్రోవాళ్ళకో లెక్కుంది. అది దాటితే జరిమానా. ఆ లెక్క చూసి ఈల వేసే గార్డు ఒకాయన ఉన్నాడు, పేరు మల్లేశం. మొగుడూపెళ్ళాల మాట ఎప్పుడూ సగంలో ఉండగానే ఆయన ఈల వేసేవాడు.

ఒక్క ఆశ మాత్రం ఉంది. కుమ్మరికుంటలో మండలి వాళ్ళే కుర్ర ఉద్యోగుల కోసం ఒంటిగది ఇళ్ళు కడుతున్నారు. ఇల్లు లేనివాళ్ళకు లాటరీ తీసి, జీతానికి తగ్గ అద్దెకు ఇస్తారు. ఇద్దరి పేరనా దరఖాస్తు పెట్టారు. ఆఫీసు పని మీద ఒకసారి వెళ్ళి హిమబిందు ఆ ఇల్లు చూసొచ్చింది కూడా.

"ఎలగుంది?" అని అడిగాడు సింహాద్రి బెంచీ మీద.

"గది చిన్నదే. వంటగట్టు గోడకే ఉంది. కానీ తలుపుంది సింహా. లోపల్నించి గడియుంది. ఇత్తడి గడియ. నేను లోపలికెళ్ళి ఒకసారి పెట్టి చూశాను."

"పెడితే?"

"ఎవరూ ఈల వెయ్యలేదు" అంది హిమబిందు.

ఆమెకు ప్రపంచంలో కావలసింది ఆ గడియ ఒక్కటే. పెళ్ళయ్యాక మొగుడితో ఒక మూసిన తలుపు వెనక కూర్చుని కాఫీ తాగలేదు, పోట్లాడుకోనూ లేదు. పోట్లాట గొంతు పెంచకపోతే రక్తి కట్టదు, ప్లాట్‌ఫారం మీద గొంతు పెంచితే పదిమంది తిరిగి చూస్తారు.

ఇలా ఉండగా ఒకనాడు ఉద్యోగదాతల సంఘం వారు మండలి మీదికి దండెత్తి వచ్చారు. వాళ్ళ అధ్యక్షుడు వీరభద్రరావుగారు. సింహాద్రి పనిచేసే పంపుల కంపెనీ ఆయనదే. సమావేశంలో మినిట్స్ రాసే పని హిమబిందుకు పడింది.

"పిల్లల్ని తీసుకుంటామండీ, ఏడాదిపాటు పని నేర్పుతామండీ" అని మొదలుపెట్టాడు వీరభద్రరావు. "సరిగ్గా చేతికందే వేళకి ఊరు వదిలి చక్కా పోతారు. ఏమయ్యా అంటే ఉండటానికి చోటు లేదంటాడు. పోనివాడు ఎక్కడో ఊరవతల నుంచి రెండేసి గంటలు వేలాడుతూ వస్తాడు. వచ్చి డ్రాయింగ్ బోర్డు మీద తల పెట్టి నిద్రపోతాడు. మొన్న ఒకడు పంపుకి గొట్టం ఒకవైపే గీశాడండీ. నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి రావు!"

కమిషనర్ పరాంకుశంగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన ఉండేది సర్కారు బంగళాలో. ఆ బంగళాకి ఎన్ని గదులున్నాయో ఆయనకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం పడలేదు.

"సమస్య బహుముఖీనమైనది" అన్నారు కళ్ళు తెరిచి. "పరిష్కారం సమగ్రంగా, సుస్థిరంగా, సమ్మిళితంగా ఉండాలి. సూచనలు ఆహ్వానిస్తున్నాను."

ఎవరో వెనక నుంచి, జీతాలు పెంచితే ఎలా ఉంటుందన్నారు. అదే క్షణంలో వీరభద్రరావుగారికి ఫోనొచ్చింది. ఇంకెవరో అద్దెలు తగ్గిస్తే ఎలా ఉంటుందన్నారు. ఆ గదిలో కూర్చున్న ఒక్కొక్కరికీ ఊళ్ళో రెండు మూడు ఫ్లాట్లున్నాయి. అప్పుడు మిగతా అందరికీ ఫోన్లొచ్చాయి. ఫోన్లు మాట్లాడటం అయ్యాక టీ వచ్చింది.

టీ తాగుతూ పరాంకుశంగారి దృష్టి హిమబిందు మీద పడింది. "అమ్మా, మీరు యువతరానికి ప్రతినిధి. మీ నివాస అనుభవం మాతో పంచుకోండి."

ముందురోజే సింహాద్రి పుట్టినరోజు. కేకు కోయకముందే మల్లేశం ఈల వేశాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"మాది చాలా పెద్ద ఇల్లు సార్" అంది హిమబిందు. "పడకగది బోయగుట్టలో ఉంది. ఇంకో పడకగది ఊరికి ఆ చివర. వంటిల్లు గంధంతోట, యాదమ్మ కర్రీ పాయింట్. హాలు తారామండల్ స్టేషన్లో మూడో బెంచీ. మా ఆయన చదువు గది వీరభద్రరావుగారి కంపెనీలోనే ఉంది. గదులకేం లోటు లేదు సార్. ఒకదాని పక్కన ఒకటి లేవు, అంతే."

ఎవరైనా నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. పరాంకుశంగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒకదాని పక్కన ఒకటి ఉండాలని ఎక్కడుంది?" అన్నారు నెమ్మదిగా.

లీగల్ ఆఫీసరు చట్టం పుస్తకం తిరగేశాడు. "ఇల్లనగా నిద్ర, వంట, ఆసీనత మొదలగు అవసరములకు ఉపయోగించు గదుల సముదాయము అని ఉంది సార్. సముదాయం అన్నారు. ఆనుకుని ఉండాలని అనలేదు."

"గదికీ గదికీ మధ్య గోడ ఉంటుంది కదా. దాని మందం?"

"కనీసం ఎంతుండాలో చెప్పారు సార్. గరిష్ఠంగా ఎంతుండొచ్చో చెప్పలేదు."

"అంటే పదకొండు కిలోమీటర్లు ఉండొచ్చు."

"నిరభ్యంతరంగా సార్."

పరాంకుశంగారు లేచి నిలబడ్డారు. ఆయన లేచారు గనక అందరూ లేచారు. "మనం ఇంతకాలం ఇళ్ళు లేవని విచారిస్తున్నాం. ఇళ్ళున్నాయి. మనం వాటిని గుర్తించలేదు!" అన్నారు. ఆ గొంతులో తడి విని ఇద్దరు చప్పట్లు కొట్టారు.

"సార్, నేను వేళాకోళానికన్నాను" అంది హిమబిందు కంగారుగా.

"మహత్తరమైన ఆలోచనలన్నీ మొదట అలాగే వినిపిస్తాయమ్మా. అదీగాక, మినిట్స్‌లో ఎక్కిపోయింది" అన్నారాయన. నిజమే. ఆమె అలవాటు కొద్దీ తన మాటలు కూడా తనే రాసుకుంది.

పదిహేను రోజుల్లో విశాల గృహ పథకం బయటికొచ్చింది. ఇటుక లేదు, సిమెంటు లేదు. ఎవడు ఎక్కడ పడుకుంటున్నాడో, ఎక్కడ తింటున్నాడో, ఎక్కడ కూర్చుంటున్నాడో చూసి, ఆ చోట్లన్నీ కలిపి అతని సొంతిల్లుగా ధ్రువీకరిస్తారు. ఆలోచనకు తల్లి హిమబిందే గనక మొదటి ఇల్లు ఆమెకూ సింహాద్రికీ కలిపి ఇచ్చారు. వద్దనడానికి వీల్లేదు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, అది పొడిగించే సంతకం పరాంకుశంగారిది.

ఇంటి ప్లాను గీయడానికి ఇంజనీర్లు ఊరి పటం పరిచారు. పడకగదికీ వంటింటికీ మధ్య ఒక చెరువు, రెండు ఫ్లైఓవర్లు, జిల్లా జైలు పడ్డాయి. వాటిని ఇంటి మధ్య ఖాళీ జాగాగా చూపించారు. మొత్తం వైశాల్యం నలభై చదరపు కిలోమీటర్లు తేలింది. ఊళ్ళో అంత పెద్ద ఇల్లు మంత్రులకు కూడా లేదని పరాంకుశంగారు విలేకరులతో చెప్పారు.

హిమబిందు ధ్రువపత్రం తిప్పి తిప్పి చూసింది. "తలుపులు" అన్న చోట "వర్తించదు" అని ఉంది.

"సార్, తలుపు?"

"విశాలతకు తలుపులుండవమ్మా" అన్నారాయన.

గృహప్రవేశం మండలి ఖర్చుతో, శాస్త్రోక్తంగా జరగాలని ఉత్తర్వు. ముహూర్తం పంచమి నాటి ఉదయం తొమ్మిదింటికి కుదిరింది. ఆలోగా ఇళ్ళు వచ్చిన మిగతావాళ్ళకూ అదే రోజు. కొడుకు అంత పెద్ద ఇల్లు కొన్నాడని పేపర్లో చూసి సింహాద్రి తల్లి పైడమ్మ పాలకొండ వైపు నుంచి రైలెక్కి దిగింది. చేతిలో పసుపు, కుంకుమ, ఒక బూడిద గుమ్మడికాయ ఉన్నాయి.

తారామండల్ స్టేషన్ ముందు నిలబడి ఆవిడ పైకీ కిందికీ చూసింది. "ఏటమ్మా కోడలా, గుమ్మమేదీ?"

"అదిగో అత్తయ్యా, కార్డు పెడితే తెరుచుకుంటుంది, చూడండి, అదే."

"దానికి పసుపెక్కడ రాయాలి?"

సింహాద్రి బిక్కమొహం వేశాడు. గుమ్మానికి రెక్కలు తప్ప ద్వారబంధం లేదు. పైడమ్మ ఆ యంత్రం నెత్తిన కాస్త పసుపు రాసి, మూడు బొట్లు పెట్టింది. అది వెంటనే పనిచేయడం మానేసింది.

ఇంట్లోకి ముందు ఆవు అడుగు పెట్టాలి గదా. ఆవును చూసి మల్లేశం అడ్డం తిరిగాడు. "ఏందయ్యా, ఆవును పట్టుకొచ్చిన్రు? పసులకు లోపలికి రానియ్యరు. టికెట్టు లేనోళ్ళకు అసల్కే రానియ్యరు."

పరాంకుశంగారు ఫోన్ చేశారు. ఆవుకు పెద్దల టిక్కెట్టు, దూడకు సగం టిక్కెట్టు కొట్టారు. మెడలో గంట ఉన్నందువల్ల ఆవు లోహం పట్టే యంత్రం దగ్గర ఆగిపోయింది. గుమ్మడికాయ బ్యాగులు చూసే పెట్టెలోకి వెళ్ళి అటువైపు బయటికి రాలేదు, అందులో ఏముందో తేల్చడానికి పోలీసులు రావలసి వచ్చింది. ఆవు ఎస్కలేటరు ఎక్కనని మొండికేస్తే లిఫ్టులో పైకి తెచ్చారు. వచ్చీ రాగానే అది మూడో బెంచీ ముందు పేడ వేసింది.

"మా తల్లే! ఇంక మీ ఇంటికి లోటుండదురా నాయినా" అని పైడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అదొక్కటే ఆ రోజు ఆవిడకు ఇల్లులా కనిపించిన సంగతి.

"శుభమే గని, ఎవరు కడుగుతరు?" అన్నాడు మల్లేశం. "మీ హాలే గదా, మీరే కడుక్కోండ్రి."

కొత్త పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని హిమబిందు తన హాలు కడిగింది. రైలెక్కి ముహూర్తానికి వంటింటికి చేరేసరికి కర్రీ పాయింట్ ముందు జనం ముసిరి ఉన్నారు. దొండకాయ వేపుడు కోసం ఎదురుచూస్తున్న వాళ్ళను పక్కకు జరిపి పొయ్యి మీద పాలు పెట్టబోతే యాదమ్మ గరిటె ఎత్తింది.

"గిదేంది బిడ్డా? పొద్దుగాల్నుంచి ఏడో జంట మీరు. నా దుకాణం మీ అందరికీ వంటిల్లెట్లైతది? ఒకలు పాలు పొంగిస్తరు, ఇంకొకలు దీపం పెడతరు. నేను కూరలెప్పుడు వండాలె?"

"నాకూ ఇష్టం లేదు యాదమ్మా. ఒక్క నిమిషం" అని బతిమాలింది హిమబిందు. పాలు పొంగాయి. పొంగి సాంబారులో పడ్డాయి. ఆ సాంబారు మిగతా ఆరు ఇళ్ళవాళ్ళూ ప్రసాదమనుకుని తీసుకున్నారు.

పైడమ్మ ఆ పూట రైలుకే తిరిగి వెళ్ళిపోయింది. నలభై చదరపు కిలోమీటర్ల ఇంట్లో ఆవిడ నడుం వాల్చడానికి చోటు లేకపోయింది.  వెళుతూ కోడలి చెయ్యి పట్టుకుని, "ఒక గదైనా పర్లేదమ్మా, దగ్గిరదగ్గిరగా ఉండండి" అంది. హిమబిందు ఆ రోజంతా ఏడుపు ఆపుకుంటూనే ఉంది.

ఆ నెల తిరక్కుండానే నగరంలో రెండు లక్షల ఇళ్ళు పూర్తయ్యాయి. ఊరంతా హోర్డింగులు వెలిశాయి. వేరే రాష్ట్రాల అధికారులు వచ్చి, ఖాళీ స్థలాల్లో నిలబడి, ఇళ్ళు చూసి వెళ్ళారు. అక్కణ్ణించి వ్యవహారం దాని దారిన అది నడిచింది. హాస్టల్ యజమాని కిటికీ పక్క మంచానికి మాస్టర్ బెడ్‌రూమ్ అని బోర్డు తగిలించి దానికి తగ్గట్టు అద్దె పెంచాడు. యాదమ్మకు మూడు వందల వంటిళ్ళ పన్ను పడితే ఆమె దాన్ని బెండకాయ కూర మీద వేసింది. ప్లాట్‌ఫారం మీదికి బ్రోకర్లు వచ్చారు. "తూర్పు ముఖం బెంచీ, ఫ్యాను కింద, శాకాహారులకు మాత్రమే" అని స్తంభాలకు కాగితాలు అంటించారు. ఇల్లు లేనప్పటికంటే ఇల్లొచ్చాకే బతుకు ఖరీదయింది.

అందరికంటే సంతోషించినవాడు వీరభద్రరావు. తన కంపెనీలో ఉన్న బల్లలన్నీ ఉద్యోగుల చదువు గదులని తేలింది గనక, తానే వాళ్ళకు ఇల్లిచ్చినట్టు లెక్క. కాబట్టి జీతంలో ఇంటద్దె భత్యం కోసేశాడు. సాయంత్రం సింహాద్రి సంచీ సర్దుకుంటుంటే ఆయన అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికయ్యా?"

"ఇంటికండీ."

"ఇంట్లోనే ఉన్నావు కదా. ఇంట్లో ఉన్నవాడు ఇంటికెళ్తానంటే ఎలా?"

సింహాద్రి సంచీ మళ్ళీ బల్ల కింద పెట్టాడు. ఆ రోజు బెంచీ మీద హిమబిందు ఒక్కతే కూర్చుంది. మర్నాడూ అంతే. మల్లేశం ఈల వేయడానికి కూడా మొహమాటపడ్డాడు.

అయితే వీరభద్రరావు సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. ఇంట్లోనే ఉండమన్నాక కుర్రాళ్ళు ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు. లుంగీలు కట్టారు. తడి బనియన్లు డ్రాయింగ్ బోర్డుల మీద ఆరేశారు. చుట్టాలు వచ్చి నాలుగేసి రోజులు మకాం పెట్టారు. ఒక గుమాస్తా మామగారైతే వీరభద్రరావునే పిలిచి మంచినీళ్ళు తెమ్మన్నాడు. కోపమొచ్చి ముగ్గురిని ఉద్యోగం నుంచి తీసేస్తే, వాళ్ళు లాయరును తెచ్చుకున్నారు. ఉద్యోగం తీసేయొచ్చు గానీ ఇల్లు ఖాళీ చేయించాలంటే కోర్టుకెళ్ళాలని ఆ లాయరు చెప్పాడు. ఆ ముగ్గురూ జీతం లేకుండా, పని లేకుండా అక్కడే కాపురముంటున్నారు. పని తెలిసినవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఊరు వదిలి వెళుతూనే ఉన్నారు.

వీరభద్రరావు పరుగున మండలికి వచ్చాడు. "సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇళ్ళు కట్టించండి. మామూలువి. గోడలుండేవి. కావాలంటే నా వంతుగా మా పాత షెడ్డు స్థలం ఇస్తాను."

పరాంకుశంగారు జాలిగా నవ్వారు. "ఇళ్ళ కొరత లేదండీ. మా లెక్కల ప్రకారం ఇప్పుడు ఒక్కొక్క ఉద్యోగికి సగటున ముప్ఫైమూడు చదరపు కిలోమీటర్ల ఇల్లుంది. ఇంకా కడితే విలాసమనిపించుకుంటుంది."

"కుమ్మరికుంటవి పూర్తయ్యాయిగా?"

"ఆ లాటరీ సోమవారం" అన్నారు పరాంకుశంగారు. మినిట్స్ రాస్తున్న హిమబిందు కలం ఆ మాట దగ్గర కాస్త ఆగింది.

సోమవారం మండలి ఆవరణంతా జనంతో నిండింది. సింహాద్రి కంపెనీ వెనక గోడ దూకి వచ్చాడు. గాజు జాడీలోంచి చీట్లు తీస్తుంటే హిమబిందు చదువుతోంది, అది ఆమె డ్యూటీ. కాసేపటికి ఒక చీటీ విప్పి, చదవబోయి, ఆగింది. మళ్ళీ చూసింది. మైకులో తన పేరూ సింహాద్రి పేరూ చదివింది. జనంలోంచి సింహాద్రి వేసిన కేక గేటు దాకా వినిపించింది. పక్కన ఎవరో తెలియని వాణ్ణి కావలించుకుని అతను గిరగిరా తిప్పేశాడు.

లాటరీ ముగిశాక పరాంకుశంగారు మైకు తీసుకున్నారు. "విజేతలకు అభినందనలు. ఇప్పుడు అర్హతల పరిశీలన. నిబంధన ప్రకారం సొంతిల్లు లేనివారు మాత్రమే ఈ గృహాలకు అర్హులు."

హిమబిందు తన చీటీ మళ్ళీ విప్పి చూసుకుంది. పరాంకుశంగారు ఆగలేదు.

"విజేతలందరూ విశాల గృహ పథకం కింద ఇదివరకే గృహస్థులైనట్టు మన రికార్డుల్లో ఉంది. అందుచేత అందరూ అనర్హులు. ఈ నగరంలో ఇల్లు లేని ఉద్యోగి ఒక్కడు కూడా లేడని ఇందుమూలముగా తెలియజేయడానికి గర్విస్తున్నాను."

ఆమె ఆయన గదిలోకి తోసుకుంటూ వెళ్ళింది. అలా వెళ్ళడం అదే మొదటిసారి. "మాకా ఇల్లొద్దు సార్. రద్దు చెయ్యండి. రాసిస్తాను."

"ఇంటిని రద్దు చెయ్యడమంటూ ఉండదమ్మా. కూల్చాలి. కూల్చినట్టు ధ్రువపత్రం తేవాలి."

"కూల్చడానికి అక్కడేముంది సార్?"

"మీ ఇంట్లో మెట్రో స్టేషనుంది, జిల్లా జైలుంది. కూల్చగలరా?" ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే ఆమె జవాబు కోసం ఆగారు. "ఆవేశపడకండి. ఈ పథకానికి మీరే తల్లి. తల్లే బిడ్డను కాదంటే లోకమేమంటుంది?"

"మీరు ఒక్కరోజు మా ఇంట్లో ఉండి చూడండి సార్" అంది హిమబిందు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఒక్క పూట, ఆ బెంచీ మీద."

"తప్పకుండా. శంకుస్థాపన వార్షికోత్సవానికి వస్తాను" అని పరాంకుశంగారు డైరీలో రాసుకున్నారు.

అర్హులు లేక కుమ్మరికుంట ఇళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. ప్రజాధనంతో కట్టినవి ఖాళీగా ఉంచడం నేరం కాబట్టి వాటిని సద్వినియోగం చేయాలని ఉత్తర్వు వచ్చింది. విశాల గృహ పథకం బాగా పెరిగిపోయి దానికి ఆఫీసు గదులు చాలడం లేదు. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క విభాగానికి ఇచ్చారు. హిమబిందును బదిలీ చేసిన విభాగం పేరు గృహతృప్తి సర్వే. గది చిన్నదే. వంటగట్టు మీద ఫైళ్ళు పేర్చారు. దాని పక్కనే ఆమె బల్ల వేశారు. ఇల్లు వచ్చినవాళ్ళు ఎంత తృప్తిగా ఉన్నారో కనుక్కోవడం ఆమె పని.

మొదటిరోజు ఆమె తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. గడియ అలాగే ఉంది, ఇత్తడిది, కొత్తగా మెరుస్తోంది. ముట్టుకుంది. పెట్టబోయింది. ఇంతలో వడ్రంగి సంచీ పట్టుకుని వచ్చాడు.

"జరగండి మేడమ్. ఆఫీసు గదులకు లోపల్నించి గడియలుండకూడదంట. అన్నీ ఊడదీయమన్నారు."

మర మీద మర విప్పి అతను గడియ ఊడదీశాడు. తలుపు మీద నాలుగు చిల్లులు మిగిలాయి. గడియను గోనెలో పడేయబోతుంటే హిమబిందు చెయ్యి చాపింది.

"అది నాకిస్తావా?"

"ఇదెందుకు మేడమ్? తలుపు లేకుండా దీంతో ఏం చేసుకుంటారు?" అన్నాడతను. అయినా ఇచ్చాడు.

ఆ సాయంత్రం సింహాద్రి మళ్ళీ గోడ దూకి వచ్చాడు. మూడో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. హిమబిందు హ్యాండ్‌బ్యాగులోంచి రుమాలు తీసి విప్పింది. సింహాద్రి గడియ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంజనీరు గదా, మరల చిల్లులు లెక్కపెట్టాడు, కడ్డీని వేలితో జరిపి చూశాడు. బాగా నూనె పట్టిన గడియ. చప్పుడు కాకుండా మెత్తగా జరిగింది.

"మంచి సరుకే" అన్నాడు.

"మనింటికి మొదటి సామాను" అంది హిమబిందు. 

అతను గడియను ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టి, కడ్డీ పూర్తిగా వేశాడు.  వాళ్ళ ప్లాట్‌ఫారానికే రైలొచ్చింది, వందమంది దిగారు, వందమంది వీళ్ళ ముందు నుంచే నడిచిపోయారు. హిమబిందు మొదటిసారి మొగుడి భుజం మీద తల ఆనించింది.

మల్లేశం ఈల నోట్లో పెట్టుకుని వచ్చాడు. బెంచీ మీద గడియ చూసి ఆగాడు. ఏమిటో అర్థం కాలేదు. ఈల నోట్లోంచి తీశాడు.

"లేవుండ్రమ్మా" అన్నాడు నెమ్మదిగా. "మీ తర్వాత ఈ హాలు వేరేటోళ్ళది. పాపం, వాళ్ళు గూడ కొత్తగా పెండ్లైనోళ్ళే, మెట్ల కాడ నిలబడ్డరు."

హిమబిందు లేచింది. సింహాద్రి గడియ తీశాడు. ఆమె దాన్ని రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. మెట్ల దగ్గర ఎదురైన ఆ పిల్లతో, "ఫ్యాను పనిచేస్తోంది, కూర్చోండి" అని చెప్పి, తన పడకగదికి వెళ్ళే రైలు కోసం అటు పక్క ప్లాట్‌ఫారానికి నడిచింది.